వలస సమాజపు ఫుట్‌బాల్ జట్టు: నాటకీయ పాత్రల పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:

• ఒక జట్టును కేంద్రంగా చేసుకొన్న కథలో ప్రధాన పాత్రను, ఉపపాత్రలను, సమూహ పాత్రను వేరుచేసి గుర్తించగలుగుతారు.
• వలస వచ్చినవారికీ జట్టుకూ మధ్య ఉండే సంబంధం పాత్రల స్వభావాన్ని ఎలా నిర్ణయిస్తుందో వివరించగలుగుతారు.
• కథలోని గెలుపును, పాత్రలోని మార్పును కలిపేసి చూడకుండా, దేని విలువ దానికి కట్టగలుగుతారు.

7.1 ప్రవేశిక

గోదావరి డెల్టాలో మీరు ఏ ఊరివారైనా, మీ వీధిలో వలస వెళ్ళిన మనిషి ఒక్కరైనా ఉంటారు. కోనసీమ నుంచి కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళినవారు ఉంటారు. చదువుల కోసం అమెరికా వెళ్ళినవారు ఉంటారు. మీ తాతల కాలానికి వెళితే రంగూన్ వెళ్ళినవారూ ఉండవచ్చు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు. 1839లో వచ్చిన తుపాను ఆ రేవును ధ్వంసం చేసింది. రేవు పోయినా పేరు మాత్రం సముద్రం దాటి నిలిచింది. బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. వచ్చినవాడిది ఏ ఊరు, ఏ ఇల్లు అన్నది ఎవరికీ పట్టలేదు. ఓడ బయలుదేరిన రేవు పేరే అందరికీ ఇంటిపేరైపోయింది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. పాఠం చివరిలో దీని అవసరం పడుతుంది.

వలస వెళ్ళినవారు పరాయి గడ్డమీద మొదట కట్టుకొనేది గుడో, మసీదో, చర్చో, సంఘమో. తరవాత చాలాచోట్ల ఒక ఆట జట్టు కూడా పుడుతుంది. ఫుట్‌బాల్‌కు ఖర్చు తక్కువ. ఒక బంతి, కాస్త ఖాళీ స్థలం చాలు. భాష రాకపోయినా ఆడవచ్చు. అందుకే వలస సమాజాల కథ చెప్పదలచుకొన్న రచయితలు, దర్శకులు ఫుట్‌బాల్ మైదానాన్ని ఎంచుకోవడం కనిపిస్తుంది.

తెలుగు నాటకరంగంలో ఇలాంటి వస్తువు అరుదు. మన పద్య నాటకం రాయబారాలను, యుద్ధాలను, సత్యపరీక్షలను రంగస్థలం మీదికి తెచ్చింది. సాంఘిక నాటకం పెళ్ళిళ్ళను, అప్పులను, పొలం తగాదాలను తెచ్చింది. పదకొండు మంది కలిసి ఆడే ఆటను రంగస్థలం మీద చూపడం కష్టం కూడా. కాబట్టి ఈ పాఠంలో పరిశీలనకు మూడు చలనచిత్రాలను తీసుకొంటున్నాం. చలనచిత్రంలో పాత్రచిత్రణ నాటక సూత్రాలకు దూరం కాదు. సంభాషణ, సంఘర్షణ, పాత్రౌచిత్యం రెండింటికీ సమానమే. పైగా ఈ మూడింటిలో ఒకటి తరవాత రంగస్థలానికీ వెళ్ళింది.

7.2 మూడు కథల పరిచయం

మొదటిది హిందీ చిత్రం 'ధన్ ధనా ధన్ గోల్'. 2007లో వచ్చింది. దర్శకుడు వివేక్ అగ్నిహోత్రి. పశ్చిమ లండన్‌లోని సౌత్‌హాల్ ప్రాంతంలో దక్షిణాసియా వలసదారుల ఫుట్‌బాల్ జట్టు 'సౌత్‌హాల్ యునైటెడ్'ది ఈ కథ. జట్టు చేతిలో డబ్బు లేదు, గెలుపులు లేవు. ఆడుకొనే మైదానమే చేజారిపోయే పరిస్థితి వస్తుంది. జట్టు నాయకుడు షాన్ (అర్షద్ వార్సీ), శిక్షకుడు టోనీ సింగ్ (బొమన్ ఇరానీ), వేరే క్లబ్బులో రంగు కారణంగా చోటు దక్కని ఆటగాడు సన్నీ (జాన్ అబ్రహాం) ముఖ్య పాత్రలు.

రెండోది ఆంగ్ల చిత్రం 'బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్'. 2002లో వచ్చింది. దర్శకురాలు గురిందర్ చడ్డా నైరోబీలో పుట్టి సౌత్‌హాల్‌లో పెరిగారు. లండన్‌లోని పంజాబీ సిక్కు కుటుంబానికి చెందిన జెస్మిందర్ భమ్రా ఇంట్లోవారికి చెప్పకుండా 'హౌన్‌స్లో హారియర్స్' అనే అమ్మాయిల జట్టులో ఆడుతుంది. ఈ కథనే 2015లో లండన్‌లోని ఫీనిక్స్ థియేటర్‌లో సంగీత నాటకంగా ప్రదర్శించారు.

మూడోది మలయాళ చిత్రం 'సుడానీ ఫ్రమ్ నైజీరియా'. 2018లో వచ్చింది. దర్శకుడు జకరియా. కేరళలోని మలప్పురం ప్రాంతంలో ఒక్కో పక్షాన ఏడుగురు ఆడే 'సెవెన్స్' ఫుట్‌బాల్‌కు ఆదరణ ఎక్కువ. ఆ పోటీలలో ఆడటానికి ఆఫ్రికా దేశాల నుంచి ఆటగాళ్ళు వస్తారు. అలా వచ్చిన నైజీరియా యువకుడు సామ్యూల్, అతని జట్టు మేనేజరు మజీద్ ఈ కథలో ప్రధాన పాత్రలు. జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఇది ఉత్తమ మలయాళ చిత్రంగా ఎంపికైంది.

7.3 జట్టు ఎవరిది?

ఈ కథలను విశ్లేషించేటప్పుడు మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న 'ఎవరు గెలిచారు?' అన్నది కాదు. 'జట్టు ఎవరిది?' అన్నది. ఈ ప్రశ్నకు మూడు కథలలో మూడు జవాబులు వస్తాయి.

'ధన్ ధనా ధన్ గోల్'లో జట్టు వలస సమాజానిదే. అందులో ఆడటమంటే సొంతవాళ్ళతో నిలబడటం. అది ఇల్లు లాంటిది.

'బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్'లో జట్టు వలస సమాజానిది కాదు. జెస్‌కు అది ఇంటి నుంచి బయటికి తెరుచుకొన్న తలుపు.

'సుడానీ ఫ్రమ్ నైజీరియా'లో జట్టు స్థానికులది. వలస వచ్చినవాడు అందులో జీతగాడు. ఆడగలిగినంతకాలమే అతనికి విలువ. కాలు విరిగిన రోజున జట్టుకు అతనితో పని లేదు.

ఇల్లు, తలుపు, కూలి: జట్టు ఈ మూడింటిలో ఏదైతే పాత్ర పడే సంఘర్షణ కూడా దాన్నిబట్టే ఉంటుంది. ఇల్లు లాంటి జట్టులో సంఘర్షణ 'నేను వీళ్ళవాణ్ణని ఒప్పుకోవాలా?' అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. తలుపు లాంటి జట్టులో 'వెళితే ఇంటివాళ్ళకు దూరమవుతానా?' అన్నది ప్రశ్న. కూలి ఇచ్చే జట్టులో 'ఆడలేనప్పుడు నేనెవరిని?' అన్నది ప్రశ్న.

ఇక్కడ ఒక చారిత్రక ఉదాహరణ చూద్దాం. కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్ 1920లో ఏర్పడింది. దేశ విభజన తరవాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులు ఆ జట్టును తమదిగా భావించారు. అయితే 1949 తరవాతి కొన్నేళ్ళు ఆ జట్టుకు వరస విజయాలు తెచ్చి 'పంచ పాండవులు' అనిపించుకొన్న అయిదుగురు ముందువరస ఆటగాళ్ళు అప్పారావు, ధనరాజ్, వెంకటేశ్, సాలే, అహ్మద్ ఖాన్. వీరంతా దక్షిణాది నుంచి వెళ్ళినవారు. తూర్పు బెంగాల్‌తో వారికి పుట్టుక సంబంధం లేదు. అయినా అది శరణార్థుల జట్టే. కారణం ఏమిటి? ఆ జట్టును శరణార్థుల జట్టుగా చేసింది మైదానంలో ఆడినవారు కాదు, గట్టు మీద నిలబడి చూసినవారు. పోగొట్టుకొన్న ఊరి జ్ఞాపకం వారి దగ్గర ఉంది.

ఈ పాఠంలో నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే. వలస సమాజపు ఆట కథలో పాత్రచిత్రణ బలం ఆడేవారిలో కంటే ఆడనివారిలో ఎక్కువగా తెలుస్తుంది. జ్ఞాపకం మోసే మనిషి మైదానం బయట ఉంటాడు. రచయిత ఆ మనిషిని ఎంత శ్రద్ధగా తీర్చాడన్నదే కథ విలువను నిర్ణయిస్తుంది. ఈ కొలతతో మూడు కథలనూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
1. 'జట్టు ఎవరిది?' అన్న ప్రశ్నకు మూడు కథలలో వచ్చే జవాబులు ఏవి?
2. ఈస్ట్ బెంగాల్ జట్టు శరణార్థుల జట్టు ఎలా అయింది?

7.4 సన్నీ, షాన్, టోనీ: ఇల్లు లాంటి జట్టు

నాటక నిర్మాణం దృష్టితో చూస్తే 'ధన్ ధనా ధన్ గోల్'లోని మూడు ముఖ్య పాత్రలు చక్కగా పంచిన భూమికలు. షాన్ ఉన్నచోటనే ఉండిపోయినవాడు. సన్నీ తనవారిని కాదనుకొన్నవాడు. టోనీ ఒకప్పుడు ఆడి, మానేసి, మళ్ళీ తిరిగివచ్చినవాడు. వలస సమాజంలో ఈ మూడు రకాల మనుషులూ ఉంటారు. మీ ఊరి నుంచి వెళ్ళినవారిలోనూ వీరిని గుర్తుపట్టవచ్చు.

సన్నీ పాత్రలో మంచి నాటకీయత ఉంది. అతను సౌత్‌హాల్ అంటే చిరాకుపడతాడు. తన ప్రతిభ చాలు, తన రంగును ఎవరూ చూడరని నమ్ముతాడు. తీరా అతనికి చోటు ఇవ్వనివారు చూసింది ఆ రంగునే. దిక్కులేక సౌత్‌హాల్ జట్టులో చేరతాడు. అంటే అతను ఇంటికి ప్రేమతో రాలేదు, బయట తలుపు మూసుకుపోతే వచ్చాడు. ఇలా వచ్చినవాణ్ణి ఇంటివారు నమ్మరు. షాన్ నమ్మకపోవడం న్యాయమే. అందుకే వీరిద్దరి తగాదాలో ఎవరూ దుష్టులు కారు. ఇద్దరి పక్షానా కారణం ఉంది. మంచి సంఘర్షణకు ఇది లక్షణం.

అయితే ద్వితీయార్ధంలో ఈ సంఘర్షణ పలచబడుతుంది. పెద్ద క్లబ్బు, పెద్ద సొమ్ము ఆశ చూపగానే సన్నీ జట్టును వదిలిపోతాడు. తరవాత మనసు మార్చుకొని ఆఖరి ఆటకు తిరిగివస్తాడు. ఈ రాకపోకలను సంఘటనలు నడిపిస్తాయి, పాత్ర స్వభావం కాదు. ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు. కాని సన్నీ లోపల ఏం మారిందని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

మైదానం బయటి పాత్రల విషయంలో లోటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సౌత్‌హాల్‌కు బరువైన గతం ఉంది. 1976లో గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే యువకుడు అక్కడ హత్యకు గురయ్యాడు. 1979 ఏప్రిల్ 23న జాత్యహంకార పార్టీ నేషనల్ ఫ్రంట్ సభకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు ప్రాణాలు కోల్పోయాడు. అక్కడ ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న ఏ దుకాణదారుకైనా, ఏ తల్లికైనా ఈ జ్ఞాపకం ఉంటుంది. ఆ ఊరికి ఒక మైదానం పోవడమంటే ఏమిటో వాళ్ళు చెప్పగలరు. చిత్రంలో వీధి జనం ఉన్నారు, కేకలు ఉన్నాయి. అయితే వారిలో పేరు పెట్టి గుర్తుంచుకోగలిగిన మనిషి దాదాపు లేడు. జ్ఞాపకం మోసే పని అంతా టోనీ ఒక్కడి మీద పడింది. బొమన్ ఇరానీ నటన ఆ పాత్రకు బరువు తెచ్చింది. కాని కథ టోనీ గతాన్ని ప్రధానంగా ఆటగాళ్ళను ఉత్సాహపరచడానికే వాడుకొంది. గతం ఉపన్యాసంగా మారినప్పుడు పాత్ర చిన్నదవుతుంది.

షాన్ చెల్లెలు రుమానాను కూడా ఈ దృష్టితోనే చూడండి. ఆమె జట్టుకు వైద్య సహాయం చేసే మనిషి. అటు అన్నకూ, ఇటు అన్న నమ్మని ఆటగాడికీ మధ్య నిలబడిన మనిషి. నాటకకర్తకు ఇంతకంటే మంచి స్థానం దొరకదు. అయినా ఆమెను ఎక్కువగా ప్రేమకథకే పరిమితం చేశారు.

7.5 మోహన్ భమ్రా: తలుపు దగ్గర నిలబడిన తండ్రి

'బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్' ప్రధాన పాత్ర జెస్. కాని నా అభిప్రాయంలో అందులోని అత్యుత్తమ పాత్ర ఆమె తండ్రి మోహన్ భమ్రా. ఆ పాత్రను అనుపమ్ ఖేర్ ధరించారు. కథ మొదట్లో అతను మనకు బాగా తెలిసిన తండ్రిలాగే కనిపిస్తాడు. హీత్రూ విమానాశ్రయంలో ఉద్యోగం. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి పింకీ పెళ్ళి పనులు. రెండో అమ్మాయి ఆట మానేసి చదువుకోవాలన్న పట్టుదల. ఇతన్ని ప్రతినాయకుడిగా వేసేసి ఊరుకోవచ్చు. పాత సినిమాలలో 'ఆటలు ఆడితే చెడిపోతావు' అనే తండ్రి ఇలాగే ఉంటాడు.

ఈ రచన అక్కడ ఆగలేదు. శిక్షకుడు జో ఇంటికి వచ్చి జెస్‌ను ఆడనివ్వమని అడిగినప్పుడు మోహన్ తన కథ చెబుతాడు. నైరోబీలో అతను మంచి ఫాస్ట్ బౌలరు. ఇంగ్లండు వచ్చాక ఏ క్రికెట్ జట్టూ అతన్ని చేర్చుకోలేదు. తలపాగాను ఎగతాళి చేసి పంపేశారు. ఆ రోజు అతను బంతిని వదిలేశాడు. కూతురిని ఆపుతున్నది ఆడపిల్ల అన్న కారణం ఒక్కటే కాదని, తనకు తగిలిన దెబ్బ ఆమెకు తగలకూడదన్న భయమని అప్పుడు మనకు తెలుస్తుంది. 'వద్దు' అన్న ఒక్క మాటకు అడుగున ఇన్నేళ్ళ అవమానం ఉంది.

ఈ సన్నివేశాన్ని రాజమండ్రిలో కాంటాక్ట్ క్లాసుల్లో నేను చాలాసార్లు చెప్పాను. ఒకసారి అమలాపురం వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని తరగతి అయిపోయాక నా దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, మా నాన్న కువైట్ నుంచి సెలవుకు వచ్చినప్పుడల్లా సబ్బులు, సెంట్లు, ఖర్జూరాలు తెస్తారు. అక్కడి పని గురించి మాత్రం ఒక్క మాట చెప్పరు. తమ్ముడు నేనూ వెళతానంటే చేయి చేసుకొన్నారు. ఎందుకో ఇప్పుడు కొంచెం తెలిసింది" అంది. ఆ రోజు నేను ఆమెకు పాఠం చెప్పానా, ఆమె నాకు చెప్పిందా అని చాలాసేపు ఆలోచించాను. పాత్ర విశ్లేషణ పరీక్ష కోసమే కాదు. ఒక మనిషి 'వద్దు' అన్నప్పుడు ఆ మాటకు వెనక ఏముందో వెతకడం నేర్పే చదువు అది.

మోహన్ పాత్రలో మార్పు ఒక్కసారిగా రాదు. మెట్లు మెట్లుగా వస్తుంది. మొదట అతను ఎవరికీ చెప్పకుండా కూతురి ఆట చూడటానికి వెళతాడు. ఆ ఆటలోనే ప్రత్యర్థి అమ్మాయి జెస్‌ను జాతిని కించపరిచే మాట అంటుంది. జెస్ ఆమెను తోసి, ఎర్ర కార్డు అందుకొంటుంది. తాను భయపడినదే కళ్ళముందు జరిగింది. ఇక్కడితో అతని వాదన గెలిచినట్టే. అయినా పింకీ పెళ్ళిరోజున, దిగులుగా కూర్చొన్న చిన్న కూతురిని చూసి ఆఖరి ఆటకు వెళ్ళమని పంపిస్తాడు. చివర కుటుంబమంతా వాదనకు దిగినప్పుడు, అవమానాన్ని మౌనంగా ఒప్పుకోవడం తాను చేసిన తప్పనీ కూతురు ఆ తప్పు చేయకూడదనీ అంటాడు. వాదన గెలిచిన తరవాత కూడా మనసు మార్చుకోగలగడం గొప్ప పాత్రల లక్షణం.

జెస్ ఆటలోకి ఇల్లు ఎలా వచ్చిందో కూడా గమనించండి. ఆఖరి ఆటలో ఆమె ఫ్రీ కిక్ తీసుకోవాలి. ఎదురుగా ప్రత్యర్థులు గోడ కట్టారు. ఆ క్షణంలో జెస్ కంటికి ప్రత్యర్థులు కనిపించరు. పెళ్ళిబట్టలతో తన తల్లి, అక్క, బంధువుల ఆడవాళ్ళు గోడగా నిలబడినట్టు కనిపిస్తుంది. బంతి వారి పక్కనుంచి వంపు తిరిగి వెళ్ళాలి. వారిని కొట్టకూడదు, వారి మీదుగా తొక్కుకుపోకూడదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఈ ఒక్క దృశ్యం ఆమె జీవిత సమస్యను మాటలు లేకుండా చెప్పింది. చిత్రం పేరులోని 'వంపు'కు అర్థం ఇక్కడ తెలుస్తుంది.

అయితే ఈ చిత్రంలోనూ లోపం లేకపోలేదు. జెస్ తల్లికి తండ్రికి దక్కిన లోతు దక్కలేదు. కూతురికి వంట నేర్పాలన్న ఆరాటాన్ని ఎక్కువగా హాస్యం కోసం వాడారు. ఆమె కూడా వలస వచ్చిన మనిషే. ఆమె ఏం వదులుకొని వచ్చిందో మనకు చెప్పేవారు లేరు. తండ్రి జ్ఞాపకానికి ఒక సన్నివేశం దొరికింది, తల్లి జ్ఞాపకానికి దొరకలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
3. మోహన్ భమ్రాను ప్రతినాయకుడు అనవచ్చా? కారణాలు చెప్పండి.
4. ఫ్రీ కిక్ దృశ్యంలో గోడ దేనికి సంకేతం?

7.6 సామ్యూల్, మజీద్, జమీల: కూలి నుంచి ఇంటికి

ఇక మూడో కథ. ఇందులో వలస వచ్చినవాడు ఒంటరి. అతని వెనక సమాజం లేదు, గట్టు మీద అతని భాషలో కేకలు వేసేవారు లేరు. కథ మొదలైన కొద్దిసేపటికే సామ్యూల్ స్నానాలగదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకొంటాడు. ఆస్పత్రి ఖర్చు భరించలేక మజీద్ అతన్ని తన ఇంటికి తెచ్చుకొంటాడు. ఆటగాడి కథ కదా అని చూడటం మొదలుపెట్టిన ప్రేక్షకుడికి ఎక్కువసేపు కనిపించేది మంచం. ఇది ధైర్యమైన నిర్మాణం. ఆడలేని ఆటగాణ్ణి ప్రధాన పాత్ర చేయడం వల్ల, 'ఆట తీసేస్తే ఈ మనిషిలో ఏముంది?' అన్న ప్రశ్నను తప్పించుకొనే వీలు రచయితకు లేకుండా పోయింది.

చిత్రం పేరులోనే ఒక పొరపాటు ఉంది. సామ్యూల్‌ది నైజీరియా. అక్కడివారికి ఆఫ్రికా నుంచి వచ్చిన ప్రతి ఆటగాడూ 'సుడానీ'యే. ఆ పిలుపులో ద్వేషం లేదు. తెలుసుకోవాలన్న అవసరమూ లేదు. బర్మాలో మన తాతలు 'కోరంగీలు' అయినట్టే, మలప్పురంలో సామ్యూల్ 'సుడానీ' అయ్యాడు. పాఠం మొదట్లో గుర్తుంచుకోమన్న విషయం ఇదే. పేరు తప్పుగా పెట్టడం వలస వచ్చినవాడికి జరిగే మొదటి చిన్న అన్యాయం. తప్పు పేరు వెనక ఉన్న మనిషిని ఒక్కొక్కరూ తెలుసుకోవడమే ఈ చిత్రంలో అసలు కథ. అతనికి ఊళ్ళో నాయనమ్మ వయసు మనిషి ఉందని, చెల్లెళ్ళు ఉన్నారని, యుద్ధం అమ్మానాన్నలను తీసుకుపోయిందని, పాస్‌పోర్టు కూడా నిజమైనది కాదని మెల్లమెల్లగా బయటపడుతుంది. ప్రేక్షకుడికి తెలిసే వేగం, మజీద్‌కు తెలిసే వేగం ఒకటే. అందుకే మనం కూడా మజీద్‌తోపాటు సిగ్గుపడతాం.

మజీద్ పాత్రను సౌబిన్ షాహిర్ ధరించారు. అతను మంచివాడే, కాని పూర్తి మనిషి కాదు. జట్టును నడపాలన్న పిచ్చిలో అప్పులు చేస్తాడు. స్థిరమైన ఉద్యోగం లేదని సంబంధాలు తప్పిపోతుంటాయి. తల్లి జమీల రెండో పెళ్ళి చేసుకొందన్న కోపంతో మారుతండ్రితో మాట్లాడడు. పరాయి దేశం నుంచి వచ్చినవాడికి మంచం ఇచ్చిన మనిషి, ఇంటికి వచ్చే మారుతండ్రికి ముఖం చూపడు. ఈ వైరుధ్యమే పాత్రకు ప్రాణం. ఆతిథ్యం దూరపువారి మీద సులభం, దగ్గరివారి మీద కష్టం. సామ్యూల్‌ను చూసుకొంటూ మజీద్ నేర్చుకొన్నది చివరికి తన ఇంట్లోనే అక్కరకు వస్తుంది. విమానాశ్రయంలో ఇద్దరు స్నేహితులూ ఒకరి చొక్కా ఒకరు తొడుక్కొని విడిపోతారు. ఆటగాళ్ళు ఆట ముగిశాక చొక్కాలు మార్చుకోవడం ఆనవాయితీ. ఇక్కడ ఆట లేదు, మైదానం లేదు. ఆనవాయితీ మాత్రం మిగిలింది. ఆ తరవాత మజీద్ మారుతండ్రితో ఉన్న దూరాన్ని తగ్గించుకొంటాడు. ఆఖరి ఆటలో కప్పు గెలవకపోయినా ఈ కథ పూర్తయింది.

మైదానం బయటి పాత్రలకు ఈ చిత్రం ఇచ్చిన చోటు విశేషమైనది. జమీలగా సావిత్రి శ్రీధరన్, పొరుగింటి బీయుమ్మగా సరస బాలుశ్శేరి నటించారు. ఇద్దరూ కోళిక్కోడ్ నాటకరంగంలో దీర్ఘకాలం పనిచేసినవారు. ఈ ఇద్దరు ముసలమ్మలకు ఇంగ్లీషు రాదు, సామ్యూల్‌కు మలయాళం రాదు. అయినా వారి సంభాషణ ఆగదు. అన్నం పెట్టేటప్పుడు, దుప్పటి కప్పేటప్పుడు ఎవరి భాషలో వారు మాట్లాడుతూనే ఉంటారు. పాత్రోచిత భాష గురించి మీరు 'కన్యాశుల్కం' సందర్భంలో చదువుకొన్నారు. ఏ పాత్ర ఏ యాసలో మాట్లాడాలో ఆ యాసలోనే మాట్లాడించడం గురజాడ గొప్పదనం. ఇక్కడ దాని మరో రూపం కనిపిస్తుంది. ఒకరి భాష ఒకరికి తెలియని పాత్రలు కూడా తమ తమ భాషలోనే ఉండి, ఒకరినొకరు అర్థం చేసుకోవడం.

ఆ ఇద్దరు స్త్రీలకూ ఫుట్‌బాల్‌తో పని లేదు. సామ్యూల్ ఎన్ని గోల్స్ కొట్టాడో వారికి తెలియదు. కాలు విరిగిన కుర్రవాడు, కన్నవారికి దూరంగా ఉన్నాడు: అంతే తెలుసు. దూరదేశంలో ఉన్న తమ బిడ్డలకు కూడా ఎవరో ఒకరు ఇలా అన్నం పెట్టాలని కోరుకొనే తల్లులు మన కోనసీమలో ఎందరో ఉన్నారు. ఈ పాత్రలు మనకు పరాయివి అనిపించకపోవడానికి కారణం అదే.

7.7 తులనాత్మక అంచనా

మూడు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఆశ్చర్యకరమైన విషయం తేలుతుంది. వలస సమాజపు జట్టును నేరుగా వస్తువుగా తీసుకొన్నది మొదటి చిత్రమే. అయినా వలస అనుభవం అన్నిటికంటే తక్కువగా దొరికేది అందులోనే. జట్టు పెద్దదయ్యేకొద్దీ మనుషులు చిన్నవారయ్యారు. పదకొండు మందిలో ఇద్దరు ముగ్గురికే ముఖాలు దక్కాయి. మిగిలినవారు చొక్కాల వెనక అంకెలుగా మిగిలారు.

దీనికి కారణం సమూహ పాత్రను అర్థం చేసుకోవడంలో ఉంది. సమూహ పాత్ర అంటే చాలామందిని తెరమీద నిలబెట్టడం కాదు. ఆ చాలామందికి ఉమ్మడిగా ఉన్న బాధను ఒక్క మనిషిలోనైనా పూర్తిగా చూపడం. ఒక్క మోహన్ భమ్రా తలపాగాలో ఒక తరం మగవారి అవమానం కనిపించింది. ఒక్క జమీల వంటింట్లో ఒక ఊరి మంచితనం కనిపించింది. సౌత్‌హాల్ యునైటెడ్ జట్టు మొత్తం కలిసినా అలాంటి ఒక్క మనిషిని మనకు ఇవ్వలేకపోయింది.

విద్యార్థుల జవాబు పత్రాలలో తరచుగా కనిపించే ఒక వాక్యం గురించి హెచ్చరించాలి. 'చివరికి జట్టు గెలిచింది, ఐకమత్యమే మహాబలమని రచయిత సందేశం ఇచ్చాడు' అని రాస్తుంటారు. అది తప్పు కాదు. విశ్లేషణ మాత్రం కాదు. గెలుపు కథను ముగిస్తుంది. పాత్రను ముగించేది ఆ పాత్ర చేసిన ఎంపిక. జెస్‌ను పంపిన తండ్రి, మారుతండ్రి దగ్గరికి అడుగు వేసిన మజీద్: ఈ ఇద్దరూ అంకెలలో కనిపించని గెలుపులు గెలిచారు. మీ జవాబులో వాటికి చోటు ఇవ్వండి.

మరో మాట. మన డెల్టా నుంచి మనుషులు బయటికి వెళ్ళడమే కాదు, బయటినుంచి డెల్టాకూ వస్తారు. ఒడిశా నుంచి, శ్రీకాకుళం నుంచి పనులకు వచ్చేవారిని మీరు చూస్తూనే ఉంటారు. వారిని మనం ఏ పేరుతో పిలుస్తున్నాం? సాయంత్రం పని అయ్యాక వాళ్ళు బంతి ఆడుతుంటే గట్టు మీద నిలబడి చూసేవారెవరు? ఈ వస్తువుతో తెలుగులో నాటిక ఇంకా రావలసి ఉంది. రాసేవారు మీలోనే ఉండవచ్చు. రాస్తే, మొదట మైదానం బయట నిలబడిన మనిషితో మొదలుపెట్టండి.

7.8 సారాంశం

వలస సమాజపు ఆట కథలలో జట్టు ఇల్లుగా, తలుపుగా, కూలి ఇచ్చే చోటుగా మూడు రకాలుగా ఉంటుంది. దాన్నిబట్టి ప్రధాన పాత్ర సంఘర్షణ మారుతుంది. 'ధన్ ధనా ధన్ గోల్'లో భూమికల పంపకం బాగున్నా, మైదానం బయటి పాత్రలకు జ్ఞాపకం ఇవ్వకపోవడం వల్ల పాత్రచిత్రణ బలహీనపడింది. 'బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్'లో మోహన్ భమ్రా నిరాకరణకు గతం ఉంది, మార్పుకు మెట్లు ఉన్నాయి. 'సుడానీ ఫ్రమ్ నైజీరియా'లో ఆట ఆగిపోయిన తరవాతే మనుషులు తెలిశారు. ఆడేవారి కంటే వారికోసం ఎదురుచూసేవారిని శ్రద్ధగా తీర్చిన కథలే ఎక్కువకాలం గుర్తుంటాయి.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ముప్ఫై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మోహన్ భమ్రా పాత్రలోని పరిణామాన్ని దశలవారీగా విశ్లేషించండి.
2. సన్నీ, సామ్యూల్ పాత్రలను పోల్చి, జట్టుతో వారి సంబంధంలోని తేడాను వివరించండి.

II. కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సమూహ పాత్ర అంటే ఏమిటి? ఉదాహరణతో తెలపండి.
2. 'కోరంగీ', 'సుడానీ' అన్న పిలుపుల మధ్య పోలికను చర్చించండి.
3. మీ ఊరి నుంచి వలస వెళ్ళిన, లేదా మీ ఊరికి వలస వచ్చిన ఒక వ్యక్తిని దృష్టిలో ఉంచుకొని, నాటికకు తగిన ఒక పాత్రను రూపొందించండి. ఆ పాత్ర దేనికి 'వద్దు' అంటుందో, ఎందుకు అంటుందో రాయండి.